అరుంధతిని చూపిన తరువాత

పెండ్లిపీటల మీదినుంచి లేచిన నవవధువుకు పురోహితుడు అరుంధతిని చూపిస్తాడు. సప్తర్షిమండలంలో వసిష్ఠుని చెంత మిణుకుమనే ఆ చిన్న తారను పోల్చుకొనడం చురుకైన కంటికి పరీక్ష. ముహూర్తం పట్టపగలైనా పెండ్లికూతురు కనబడినదనే అంటుంది. అది వేరు సంగతి! మన ఇండ్లలో ఆడపిల్లకు విధిగా జరిగే ఖగోళపాఠం అదొక్కటే. ఆ పైన గ్రహణం వచ్చినదంటే గర్భవతిని గదిలో ఉంచి తలుపులు మూస్తాము. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం ఆంధ్రదేశం మీదుగా సాగినప్పుడు, హైదరాబాదు సమీపాన జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దానిని పరిశీలిస్తూ ఉండగా, మన ఇండ్లలో ఎందరో స్త్రీలు ఆ చీకటిని గదిలోని చీకటిగానే ఎరిగారు.

అట్టి మన ప్రాంతంలోనే ఒక వేధశాలను కొంతకాలం ఒక స్త్రీ నడిపినదని ఎందరికి తెలుసు? విజయనగరం విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉన్న రోజులవి. మనకు వేరు జిల్లా ఏర్పడినది 1979లో గదా. 1840లో గోడే వెంకట జగ్గారావుగారు విశాఖపట్నంలో సొంత వేధశాలను నెలకొల్పారు. ఆయన 1856లో కాలధర్మం చెందగా, అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ బాధ్యత వహించారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు నల్లని చుక్కవలె సూర్యబింబాన్ని దాటినప్పుడు ఆయన పరిశీలించారు. సూర్యునికీ భూమికీ గల దూరాన్ని లెక్కకట్టడానికి దేశదేశాల పండితులు నాడు ఆ ఘట్టం కోసం కాచుకొని ఉన్నారు. 1892లో నరసింగరావుగారు మరణించారు. అప్పుడు వేధశాల నిర్వహణను చేపట్టినది ఆయన భార్య, జగ్గారావుగారి కుమార్తె, అచ్చయ్యమ్మగారు. 1894లో మద్రాసు ప్రభుత్వానికి అప్పగించేవరకు ఆమె దానిని నిలిపారు.

మా కంటబడిన వ్యాసాలలో తండ్రికీ భర్తకూ పుటలున్నవి. ఆమెకు దక్కినది ఒక వాక్యం. తండ్రి దూరదర్శినిని నిలిపిన ఇంట పుట్టి, భర్త చుక్కలు లెక్కించిన ఇంట కాపురమున్న ఆమె ఏనాడూ ఆ యంత్రానికి కన్ను ఆనించలేదా? ఆనించినా, గుర్తింపు ఎక్కడిది? నరసింగరావుగారిని 1871లో సభ్యునిగా చేర్చుకొన్న లండనులోని రాయల్ ఖగోళ సంఘం, స్త్రీలను సభ్యులుగా స్వీకరించడం మొదలుపెట్టినది 1916లో!

కనుక శ్రోతలను, ముఖ్యంగా స్త్రీలను, మేము కోరేది ఒకటే: వ్రాసి పంపండి. చింతపల్లి తీరాన తెరచాపల నాడు తాతగారు ఏ చుక్కను గురి పెట్టుకొని ఒడ్డు చేరేవారు? వేగుచుక్క పొడవగానే దంపుడుకు లేచిన మామ్మ దానిని ఇంకేమని పిలిచేది? పార్వతీపురం కొండలలో సవరలు, జాతాపులు ఆకాశాన్ని చూచి కాలాన్ని ఎట్లు గుర్తించేవారు? వారిని గురించి మరొకరు వ్రాయడం కాదు, వారే వ్రాయాలని మా ఆశ. కళాశాలలో భౌతికశాస్త్రం చదివి, దూరమని పై చదువుకు పంపక ఆగిపోయిన అమ్మాయి తన మాట తాను వ్రాయాలి. పొగడ్తలు వద్దు; ఉన్నది ఉన్నట్లు రెండు పుటలు చాలును. వ్రాయడం రానివారు చెప్పగా ఇంటి పిల్లలు వ్రాయవచ్చును, కాని పైన పేరు చెప్పినవారిదే ఉండాలి. ఏ పాతపెట్టెలోనైనా అచ్చయ్యమ్మగారి కాలపు ఉత్తరమో, లెక్కల పుస్తకమో ఉన్నట్లయితే, అసలును ఇంటనే భద్రపరచి, మాకు నకలు పంపండి.