డర్బన్‌లో వేల్సువారి ఆట
(పాఠశాల క్రీడాదినోత్సవమున, తలిదండ్రుల సభలో సంఘ పక్షమున చేసిన ప్రసంగము)

 

ఈ యేడు మన బాలురు పొరుగు పాఠశాలలతో ఆడిన కబడ్డీ పందెములలో మొదటి ఆటలోనే ఓడి వచ్చిన సంగతి తమకు విదితమే. పిమ్మట తలిదండ్రులు కొందరు మా యొద్దకు వచ్చి, "ఓడి నవ్వులపాలగుటకంటె పందెములు మానుట మేలు, ఆ గంటను కూడ లెక్కలకు ఇయ్యుడు" అనిరి. మరి కొందరు, "తెలుగులో మార్కులు తక్కువగుచున్నవి, పిల్లవానిని వేరు బడికి మార్చెదము" అనిరి. ఈ రెండును మాకు ఒకే మాటగా వినబడినవి. ఓడినచోట నిలువరాదనుటయే ఆ మాట. దానికి బదులు చెప్పుటకై దూరదేశపు ఆట యొకదానిని తమ యెదుట నుంచుచున్నాము.

బ్రిటన్ దీవిలో పడమట నున్న చిన్న దేశము వేల్సు. బొగ్గుగనులకును, ఉక్కు కార్ఖానాలకును, గొఱ్ఱెలు మేయు కొండలకును పేరుపడినది. ఆ దీవిలో ఇంగ్లీషుకంటె ముందునుండి యున్న భాష వారిది. అయినను 1961 జనాభా లెక్కలలో ఆ భాష మాటలాడువారు నూటికి 26 మంది మాత్రమే. తమ దేశములోనే అల్పసంఖ్యాకులైన ఆ జనుల స్థితి మనవంటివారికి వేరుగ వివరింప నక్కరలేదు.

వారికి ప్రాణమైన ఆట రగ్బీ. కోడిగ్రుడ్డు ఆకారపు బంతి. పక్షమునకు 15 మంది. నలుబది నిమిషముల చొప్పున రెండు భాగములు. బంతిని చేతబట్టి పరుగెత్తవచ్చును గాని, చేతితో ముందునకు విసరరాదు. ప్రక్కకో వెనుకకో అందింపవలెను. అనగా ముందునకు సాగువాడు వెనుక వచ్చువానిని నమ్ముకొనియే సాగవలెను. ఈ ఆటలో 1995 వరకు జీతములు లేవు. వేల్సు పక్షాన ఆడినవారు బడిపంతుళ్లు, గనికార్మికులు, పోలీసులు, విద్యార్థులు. శనివారము మైదానములో కీర్తి నందినవాడును సోమవారము తన పనికి తాను పోవలసినదే.

1964లో వేల్సు జాతీయ జట్టు మొదటిసారిగా యూరపు ఖండము దాటి ఆడబోయినది. ఆ యేటి పోటీలలో వారు ఒక్క ఆటయు ఓడక, స్కాట్లండుతో సమముగ ప్రథమస్థానము పొందియుండిరి. నాయకుడు క్లైవ్ రోలండ్స్; వృత్తిచే ఉపాధ్యాయుడు. తమ దేశమున ఆటల ఋతువు ముగిసిన పిదప బయలుదేరి, త్రోవలో నైరోబీలో ఒక ఆట గెలిచి, దక్షిణాఫ్రికా చేరిరి. ఆ దేశపు రగ్బీ బోర్డు స్థాపితమై 75 ఏండ్లయిన సందర్భమది.

1964 మే 23, శనివారము. డర్బన్ నగరమున కింగ్స్ పార్క్ మైదానము. నాటి నియమముల ప్రకారము, దెబ్బ తగిలి ఒకడు వెలుపలికి పోయినను వానికి బదులు మరొకని దింప వీలులేదు. ఉన్నవారితోనే తుదివరకు పోరాడవలెను. మొదటి భాగము ముగియుసరికి ఇరుపక్షములకును చెరి మూడు పాయింట్లు. వేల్సుకు ఆ మూడును కీత్ బ్రాడ్‌షా తన్నిన పెనాల్టీ వలన వచ్చినవి. అంతవరకు సమ ఉజ్జీలే.

రెండవ భాగములో లయొనెల్ విల్సన్ అను దక్షిణాఫ్రికా ఆటగాడు దూరమునుండి తన్నిన బంతి గోలుకంబముల నడుమ సాగిపోయినది. పిదప ఆతిథేయులు ముమ్మారు వేల్సువారి గీత దాటి బంతిని నేలకు తాకించిరి. కీత్ ఆక్స్‌లీ గురితప్పక తన్నుచు పాయింట్లు పెంచెను. వేల్సుకు మరి యొక్క పాయింటును రాలేదు. 24కు 3. నలుబదియేండ్లలో వేల్సుకు అంతటి ఓటమి లేదు.

ఇచట మన మొక నిమిషము ఆగవలెను. ఆ డర్బన్ రేవులోనే 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి మొదటి ఒప్పంద కూలీలను దింపినది. పిదప వచ్చిన ఓడలలో తెలుగువారు వేలకొలది వచ్చి చెరకుతోటలలో శ్రమించిరి. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని తెలుగును నిలుపుకొన యత్నించిరి. అయినను ఈ ఆట జరిగిన నాటికి వర్ణభేద శాసనములు అమలులో నున్నవి. ఆ యూరి తెలుగు బాలుడు ఎంత బలశాలియైనను ఆ జాతీయ జట్టులో చేర వీలులేదు. శ్వేతేతరు డొకడు ఆ జట్టున ఆడుట 1981లో గాని జరుగలేదు. గెలుపోటములు లెక్కకు వచ్చును. మైదానమునకే రానీయబడనివారు ఏ లెక్కలోను రారు. మన బాలురు ఓడిరనగా, ఆడనీయబడిరన్నమాట. ఆ భాగ్యమును చులకన చేయరాదని మా మనవి.

ఇక వేల్సువారు ఇల్లు చేరి ఏమి చేసిరి? ఎండ యనియు, ప్రయాణపు బడలిక యనియు సాకులు చెప్పుకొనవచ్చును. అట్లు చేయలేదు. తమ ఆట పాతబడినదని ఒప్పుకొనిరి. అంతకు ముందేడు, 1963లో, స్కాట్లండుతో ఆడిన ఆటలో రోలండ్స్ బంతిని మాటిమాటికి ప్రక్కగీత వెలుపలికే తన్నుటచే, బంతిని మరల లోనికి విసరు లైనౌట్లు 111 జరిగినవట. ఆ రీతిని గెలువ వచ్చెను గాని ఎదుగ వీలుకాలేదు. కావున నేర్పు విధమునే మార్చ నిశ్చయించిరి. 1967లో శిక్షణ నిర్వహణకై రే విలియమ్స్ అనువానిని పూర్తికాలపు ఉద్యోగిగ నియమించిరి. ఆటగాండ్రకు నేర్పువారికి ముందుగా నేర్పు ఏర్పాటు అది. జాతీయ జట్టుకు శిక్షకుని కూడ నియమించిరి. 1968లో ఆ పదవికి ఎవరు వచ్చిరనుకొందురు? డర్బన్‌లో ఓడిన నాయకుడు రోలండ్స్!

త్రోవ సుగమమయ్యెనా? లేదు. 1969లో న్యూజీలండుకు పోయి రెండు ప్రధానమైన ఆటలును ఓడిరి. శిక్షకుని తొలగింపలేదు, పని మానలేదు. 1971లో ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు, ఫ్రాన్సు నాలుగింటిని గెలిచి గ్రాండ్ స్లామ్ పొందిరి. 1976లోను, 1978లోను మరల పొందిరి. ఓటమికిని 1971 గ్రాండ్ స్లామునకును నడుమ ఏడేండ్లు!

వారి భాష సంగతియు ఇట్టిదే. 1939లో అబెరిస్త్విత్ పట్టణమున వేల్సు భాషలో బోధించు ప్రాథమిక పాఠశాల ఏడుగురు పిల్లలతో మొదలైనది. ఏడుగురేనా యని ఆ తలిదండ్రులు సిగ్గుపడియుండినచో, పిదప ఆ దేశమంతట వెలసిన అట్టి పాఠశాలలకు త్రోవ ఎక్కడిది?

తలిదండ్రులారా, మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో తమిళము, పరీక్షకు ఇంగ్లీషు. మూడింటి నడుమ తెలుగున తప్పులు దొరలుట వారి నేరము కాదు. మేమును మా తప్పు ఒప్పుకొనుచున్నాము. రెండేండ్లుగ కబడ్డీ నేర్పువారు లేకయే పిల్లలను పందెమునకు పంపితిమి. తెలుగు ఉపాధ్యాయుని ఖాళీని సకాలములో పూరింపమైతిమి. ఈ రెండు లోపములు మావి, పిల్లలవి కావు.

కావున సంఘము నిశ్చయించినది చెప్పెదము. ఆటల గంట తగ్గదు. పందెములకు మరల పోవుదుము. ఆట నేర్పుటకు, తెలుగు చెప్పుటకు మనుష్యులను ముందుగా సమకూర్చుదుము. తమ నుండి మేము కోరునది ఇంతియే: రాత్రి భోజనమైన పిమ్మట పావుగంట సేపు పిల్లవానిచే తెలుగు పుస్తకము బిగ్గరగ చదివింపుడు; తప్పు చదివినచో నవ్వక సరిదిద్దుడు. ఓడి వచ్చిననాడు "ఎందుకు పోతివి?" అనక, "ఎచట తప్పినది?" అని యడుగుడు.

ఏడేండ్ల గడువు మేము అడుగము. ఒక్క యేడు ఇండు. వచ్చే క్రీడాదినోత్సవమున ఈ వేదికమీదనే గెలుపోటముల లెక్క తమకు ఒప్పజెప్పెదము. అంతవరకు పిల్లవానిని బడి మార్పకుడని చేతులు జోడించి వేడుచు సెలవు గైకొనుచున్నాము.