పాత లోగిలి - కొత్త వెలుగు

గోదావరి జిల్లాలలోను, కృష్ణాతీరమునను పూర్వులు కట్టిన మండువా లోగిళ్లు ఏటేటా తగ్గిపోవుచున్నవి. ఇల్లు పాతబడినది, వేసవిలో ఉక్కపోయుచున్నది, కరెంటు బిల్లు పెరుగుచున్నది అని కారణములు చెప్పి, దూలములను, ద్వారబంధములను అమ్మివేసి, ఆ స్థలమున సిమెంటు మేడలు కట్టుచున్నారు. తీరా ఆ మేడలో ఏ.సి. లేనిదే వేసవి రాత్రి కన్ను మూతపడదు. ఉన్న ఇంటిని బాగుచేసికొనుటయా, పడగొట్టుటయా అను చర్చ నేడు పెక్కు కుటుంబములలో అన్నదమ్ముల నడుమ సాగుచున్నది. ఆ నిర్ణయమునకు తోడ్పడు కొన్ని విషయములను శ్రోతలకు మనవి చేయుచున్నాము.

మన పెద్దలు ఆ ఇండ్లను కట్టిననాడు పల్లెలకు విద్యుత్తు లేదు. కనుక చల్లదనమును గోడలలోను, కప్పులోను, మండువాలోను అమర్చిరి. మందమైన మట్టిగోడ పగటి వేడిని మెల్లగా పీల్చుకొని, రాత్రివేళ మెల్లగా విడుచును. వేడెక్కిన గాలి తేలికయై మండువాగుండా పైకి పోవగా, వీధి అరుగు వైపునుండియు, పెరటి వైపునుండియు గాలి లోనికి వచ్చును. పెంకుల క్రింద నున్న అటక ఎండ వేడిమి గదిలోనికి దిగకుండ అడ్డుపడును.

తరువాతి కాలమున వానజల్లునకును, కోతులకును జడిసి మండువాపై ప్లాస్టిక్ రేకు కప్పిరి. మట్టిగోడలకు సిమెంటు పూత పూసిరి. రేకు వేడిగాలికి దారి మూసినది. సిమెంటు గోడలోని చెమ్మను బయటికి పోనీయక, పూత పెచ్చులుగా ఊడునట్లు చేసినది. ఇట్టి ఇంటిలో ఉక్కకు కారణము దాని వయస్సు కాదు. మధ్యలో జరిగిన మార్పులే.

కావున మొదటి పని కరెంటుతో సంబంధము లేనిది. రేకు తీసివేసి ఇనుప చువ్వల జాలీ వేయించవలయును. పగిలిన పెంకులను మార్పించి, గోడలకు మరల సున్నపు పూత పూయించవలయును. పడమటి గోడకు పందిరి నీడ కల్పించవలయును. వేసవిలో మధ్యాహ్నము తలుపులు, కిటికీలు మూసి, ప్రొద్దు క్రుంకిన పిదప తెరచినచో రాత్రి చల్లదనము గోడలకు పట్టును. పెంకుటిల్లు కాక డాబా ఇల్లు కలవారు కప్పుపై తెల్లని సున్నము వేయించినచో ఎండలో చాల భాగము తిరిగి ఆకాశమునకే పోవును.

రెండవ పని వాడుక తగ్గించుట. పాత పంకా ఒకటి సుమారు 75 వాట్లు తీసికొనును. నాలుగు పంకాలు రోజునకు 12 గంటలు తిరిగినచో నెలకు 108 యూనిట్లు ఖర్చగును. బి.ఎల్.డి.సి. అను కొత్తరకపు పంకాకు సుమారు 30 వాట్లు చాలును. అవే గంటలకు ఖర్చు నెలకు 43 యూనిట్లే. 60 వాట్ల పాత బల్బు ఇచ్చు వెలుగును 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము ఇంచుమించుగా ఇచ్చును.

సౌరఫలకముల మాట ఆ తరువాతనే. ఒక కిలోవాటు ఫలకములు మన ప్రాంతమున రోజునకు సగటున నాలుగు యూనిట్లు ఉత్పత్తి చేయును. వాటికి దాదాపు 100 చదరపు అడుగుల కప్పు కావలయును. వాడుక ముందే తగ్గించుకొనిన ఇంటికి తక్కువ ఫలకములు చాలును. పాత దూలములపై బరువును, చేతినుండి పోవు సొమ్మును తగ్గును. 2024 ఫిబ్రవరి 13న ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకము క్రింద ఒక కిలోవాటుకు 30,000 రూపాయలు, రెండింటికి 60,000, మూడు, అంతకు మించినవాటికి 78,000 రూపాయలు కేంద్ర సహాయముగా నిర్ణయింపబడినవి.

మండువా ఇంటి కప్పు ఇందుకు అనుకూలమే. ఫలకములు దక్షిణమునకు వాలియుండవలయును గదా! దక్షిణపు వస యొక్క వెలుపలి వాలును, ఉత్తరపు వసలో మండువా వైపునకు దిగు వాలును దక్షిణముఖములే. అయితే కొబ్బరిచెట్ల నీడ పడుచోట ఫలకములు పెట్టరాదు. కొద్దిపాటి నీడయైనను ఉత్పత్తిని బాగుగా తగ్గించును. చట్రమును పెంకులపై కాక వాసములకు, దూలములకు గట్టిగా బిగింపవలయును. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ వంటి తుపానులను కోస్తావాసులు మరువలేరు. చెక్కపట్టీలపై సాగిన పాత తీగలను ముందుగా మార్పించి, మంచి ఎర్తు వేయించవలయును.

మరియొక సంగతి. బ్యాటరీ లేక, వీధి లైనుతో కలిసి పనిచేయు సౌర ఏర్పాటు, లైనులో కరెంటు పోయినప్పుడు తానును ఆగిపోవును. స్తంభమెక్కి పనిచేయు లైన్‌మన్ ప్రాణరక్షణకై ఆ నియమము ఏర్పడినది. కరెంటు పోయినను దీపము వెలుగవలయునన్నచో బ్యాటరీ వేరుగా పెట్టుకొనవలయును.

ప్రతి పాత ఇంటిని నిలుపవచ్చునని మేము చెప్పము. దూలములను చెదలు తినివేసి, గోడలు ఒరిగిపోయినచో ఆ ఇంట నివసించుటయే ప్రమాదము. కాని ఆ నిర్ణయము అనుభవజ్ఞులైన వడ్రంగి, తాపీ మేస్త్రి చూచి చెప్పవలసినది. వేసవి ఉక్కకు విసిగి చేయదగినది కాదు. పడగొట్టిన టేకు దూలమును, రెండడుగుల మందపు గోడను మరల కట్టించుట నేడు కొద్దిమందికే సాధ్యము. కావున పలుగు తెప్పించుటకు ముందు, ఒక్క వేసవి మండువాపై రేకు తీయించి చూడుడని మా మనవి.