పంచాయతీ ట్రాక్టరు ముందు ఇరుసు
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)

 

మన ప్రాంతమున ఎడ్లబండి నెరుగని పెద్దలు లేరు. బండి కట్టుటకు ముందు ఇరుసున కందెన వేసి, చీల బిగువు చూచి, ఆ పిమ్మటనే కాడి యెత్తెడివారు. సిరిసిల్లలో మరమగ్గము నడుపు కార్మికుడును నూనె వేయనిదే మగ్గము సాగదని యెరుగును. కాని పంచాయతీ ట్రాక్టరు విషయమున ఈ జాగ్రత్త కొంత మరచితిమేమో యని మాకు తోచుచున్నది. కనుక నేడు ట్రాక్టరు ముందు ఇరుసును విప్పి, బాగుచేసి, తిరిగి కూర్చు విధమును గూర్చి మీతో ముచ్చటింపదలచితిమి. పానా పట్టుట మెకానిక్కు పని. పని సరిగా జరిగినదని చూచి బిల్లును ఆమోదించుట మీ పని.

2019 సెప్టెంబరు 6వ తేదీన ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమములో తెలంగాణ గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూరినవి. పెక్కు పంచాయతీలు బ్యాంకు ఋణముతో వీనిని కొని, తమ నిధులనుండి వాయిదాలు చెల్లించినవి. అనగా ఇది ఊరి ప్రజల సొమ్ము. ఈ బండి తారు రోడ్డు మీదనే నడచునది కాదు. డంపింగు యార్డు దారి, చెరువు కట్ట, నర్సరీ బాట, వైకుంఠధామము దారి, అన్నింటను తిరుగవలసినదే. వానాకాలమున నల్లరేగడి బురద, వేసవిలో దుమ్ము. ఈ రెండును ముందు ఇరుసునకు శత్రువులు.

ఒక గ్రామమున జరిగినది

మా పర్యటనలో ఒక గ్రామమున ట్రాక్టరు స్టీరింగు ఊగుచున్నదని ఫిర్యాదు వచ్చెను. అంతకు కొద్ది నెలల ముందే ఆ పంచాయతీ డబ్బు వెచ్చించి క్రొత్త బుష్షులు వేయించినది. ఇంత త్వరలో అవి అరుగుటకు డ్రైవరు గ్రీజు కొట్టకపోవుటయే కారణమని అందరును తలచిరి. అతని జీతములో కోత విధింపవలెనన్న మాట కూడ సమావేశమున వచ్చెను. “గ్రీజు కొట్టుచునే యున్నాను. అది లోనికి పోక బయటికే వచ్చుచున్నది” అని అతడు మొదటినుండి చెప్పుచుండెను. ఎవరును వినలేదు.

తుదకు ఇరుసు విప్పి చూచిరి. గ్రీజు లోనికి పోవుటకు బుష్షునకు ఒక రంధ్రముండును. ఇరుసు గొట్టమునకున్న గ్రీజు రంధ్రమునకు అది ఎదురుగా నుండవలెను. అమర్చిన వారు దానిని ప్రక్కకు త్రిప్పి దిగగొట్టిరి. దారి మూసుకొనిపోయినది. డ్రైవరు ఎంత గ్రీజు కొట్టినను పిన్నునకు ఒక్క చుక్కయు అందలేదు. తప్పు అతనిది కాదు. ఇరుసు కూర్చు దినమున సభ్యుడొకడు దగ్గర నిలిచి ఆ రంధ్రమును చూచియున్నచో పంచాయతీకి రెండవ ఖర్చు తప్పెడిది, ఒక పేద ఉద్యోగికి నింద తప్పెడిది.

ఇరుసు అమరిక

ఇంజను బలము వెనుక చక్రములకు మాత్రమే అందు ట్రాక్టరును తీసికొందము. దాని ముందు ఇరుసున కదలు తావులు ముఖ్యముగా మూడు. నడుమ సెంటర్ పిన్ను కలదు. ఒక చక్రము గుంటలో దిగినపుడు ఇరుసు దీనిపై ఊగి రెండవ చక్రమును నేల విడువనీయదు. రెండు చివరల నిలువు గొట్టములలో కింగ్ పిన్నులు, వాని చుట్టు బుష్షులు కలవు. చక్రము కుడియెడమలకు మరలునది వీనిపైననే. మూడవది చక్రపు హబ్బు. దానిలోని రెండు బేరింగులపై చక్రము తిరుగును. కుడియెడమ చక్రములను కలిపి నడుపునది టై రాడ్డు.

5,000 లీటర్ల నీరనగా 5 టన్నుల బరువు. రెండు చక్రముల ట్యాంకరు నిండినపుడు ఆ బరువులో కొంత కొక్కెముపై పడి, వెనుక చక్రములను అదిమి, ముందు భాగమును తేలికపరచును. అప్పుడు స్టీరింగు పట్టు తగ్గును. దానికి తోడు ఇరుసు వదులైనచో, చెరువు కట్టపై బండి ఏ వైపు పోవునో చెప్పజాలము. కట్ట మీద బడికి నడచు పిల్లలుందురని మరువరాదు.

విప్పు విధము

మొదట ట్రాలీని గాని ట్యాంకరును గాని విడదీసి, ట్రాక్టరును గట్టి సమతల నేలపై నిలుపవలెను. హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రములకు ముందు వెనుకల అడ్డు పెట్టవలెను. చక్రపు నట్లను బండి నేలపై నుండగనే కొంచెము వదులు చేసికొనవలెను. జాకీతో ఎత్తిన పిమ్మట క్రింద ఇనుప స్టాండు గాని గట్టి కొయ్య దిమ్మెలు గాని పెట్టనిదే ఎవరును బండి క్రింద దూరరాదు. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు.

చక్రము తీయకముందే టైరును పైన క్రింద పట్టుకొని ఊపి చూడవలెను. ఇరుసు కొనపై హబ్బు కదలినచో బేరింగు వదులు. కింగ్ పిన్ను తన గొట్టములో కదలినచో బుష్షు అరిగినది. ఈ పరీక్ష చేయనిదే ఏ సామాను కొనవలెనో తెలియదు. అవసరము లేని సామాను బిల్లులో చేరునది ఇచ్చటనే.

తరువాత చక్రము, దుమ్ము మూత, చీలవంటి స్ప్లిట్ పిన్ను, నట్టు, బేరింగులు, హబ్బు వరుసగా తీయవలెను. కుడి సామానును ఎడమ సామానుతో కలుపక వేరువేరు పళ్లెములలో ఉంచవలెను. డీజిలుతో కడిగి ఆరనిచ్చి, బేరింగు గుండ్లపై గీతలు, గుంటలు, నీలి మచ్చలు కలవేమో చూడవలెను. ఉన్నచో లోపలి భాగమును, బయటి గిన్నెను జతగా మార్చవలెను. ఒకటి క్రొత్తది, ఒకటి పాతది వేయుట పొదుపు కాదు.

కూర్చు విధము

బుష్షు దించునపుడు గ్రీజు రంధ్రములు కలిసినవో లేదో సన్నని తీగ దూర్చి చూడుడు. కింగ్ పిన్ను అమర్చిన పిమ్మట గ్రీజుగన్ను నొక్కగా లోపలినుండి గ్రీజు అంచులకు రావలెను. బేరింగు గుండ్ల నడుమ గ్రీజును చేతితో అదిమి నింపవలెను. పైపైన పూయుట చాలదు. బురదను ఆపునది సీలు. విప్పిన ప్రతిసారియు క్రొత్త సీలు వేయుట మేలు.

హబ్బు నట్టును చక్రము త్రిప్పుచు బిగించి, చక్రము కొంచెము బిగువుగ తిరిగిన వెంటనే, నట్టును కొద్దిగ వెనుకకు త్రిప్పి పిన్ను రంధ్రము కలియు చోట ఆపవలెను. చక్రము సులువుగ తిరుగవలెను, ఊగరాదు. పాత స్ప్లిట్ పిన్నును మరల వాడరాదు. కొద్ది రూపాయల వస్తువే యైనను చక్రము ఊడకుండ కాచునది అదియే.

చివరగా టై రాడ్డు సరిచేయవలెను. ముందు చక్రముల ముందంచుల నడుమ దూరము వెనుకంచుల నడుమ దూరముకంటె కొన్ని మిల్లీమీటర్లు తక్కువగా నుండవలెను. ఎంత యన్నది కంపెనీ పుస్తకమున నుండును. ఇది తప్పినచో క్రొత్త టైర్లు ఒక అంచున త్వరలో అరిగిపోవును.

నాలుగు చక్రములకును బలమందు జీపుకు, ట్రాక్టరునకు ముందు ఇరుసులో పళ్లచక్రములు, నూనె ఉండును. నూనె దించక విప్పరాదు. జీపు కింగ్ పిన్నుల వద్దనుండు పలుచని రేకులు ఏ వైపు ఎన్ని యున్నవో వ్రాసికొననిదే తీయరాదు. అట్టి పనిని నేర్పరికే అప్పగించుడు.

సభ్యులు చేయవలసినది

ఇరుసు విప్పు దినమున ఒక సభ్యుడు, డ్రైవరు ఇరువురును అచ్చట ఉండుడు. తీసిన పాత సామానును సంచిలో కట్టి కార్యాలయమునకు తెప్పించుడు. మార్చిన వస్తువు, తేదీ, ట్రాక్టరు నడచిన గంటలు రిజిస్టరులో వ్రాయించుడు. గ్రీజు డబ్బాకు, గ్రీజుగన్నునకు లోటు రానీయకుడు. బురదలో తిరిగిన దినమున పని ముగియగనే గ్రీజు కొట్టించుడు. అన్నిటికంటె ముఖ్యముగ, బండిలో ఏదో తేడా యున్నదని డ్రైవరు చెప్పినపుడు వినుడు. ప్రతిదినము ఆ స్టీరింగు పట్టు చేతికి మనకంటె ముందుగ తెలియును.

మీ గ్రామములకు మరలిన పిమ్మట ఒక పర్యాయము ట్రాక్టరు ముందు చక్రమును పట్టి ఊపి చూచెదరని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.