మెట్లు తీసేసిన గిటార్



పాట వింటున్నప్పుడు మన చెవి పైకే పోతుంది. గాయకుడి గొంతు, దాని పక్కన వేణువు, వయొలిన్. అడుగున మంద్రస్థాయిలో ఒక తీగ పాట పొడుగునా నడుస్తూనే ఉంటుంది. అది ఆగినప్పుడు మాత్రం ఏదో వెలితిగా ఉందే అనిపిస్తుంది. ఇళయరాజా పాటలు ఇష్టపడేవాళ్లకు, పేరు తెలియకపోయినా, ఆ తీగ బాగా పరిచయం. అదే బేస్ గిటార్. ఆ అడుగు తీగను వేదిక ముందుకు తెచ్చి కూర్చోబెట్టిన ఒక రికార్డు గురించి ఇవాళ చెబుతాను. 1976లో అమెరికాలో వచ్చింది. వాయించినవాడు జాకో పాస్టోరియస్. ఆల్బమ్ పేరూ అదే. అప్పటికి ఆయనకింకా పాతికేళ్లు నిండలేదు.

జాకో పుట్టింది 1951లో. లియో ఫెండర్ ‘ప్రెసిషన్ బేస్’ను బజారులోకి తెచ్చిందీ ఆ ఏడే. అంతవరకూ మనిషెత్తు డబుల్ బేస్‌ను నిలబడి వాయించేవాళ్లు. దానికి మెట్లు ఉండవు, శ్రుతి అంతా వేలి మీదే ఆధారం. ఫెండర్ ఆ వాద్యాన్ని గిటార్ రూపంలోకి మార్చి, వీణకు ఉన్నట్టు మెట్లు పెట్టాడు. వేలు కాస్త అటూ ఇటూ పడ్డా స్వరం కచ్చితంగా పలుకుతుంది, అందుకే ప్రెసిషన్ అన్న పేరు. జాకో వాయించిన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్‌కు ఆ మెట్లు లేవు. తీసేసిన చోట గాట్లు పూడ్చి, తీగల ఒరిపిడికి చెక్క అరిగిపోకుండా పైన ఎపాక్సీ పూత పూశారు. వీణకూ గోటువాద్యానికీ ఉన్న తేడా గుర్తు తెచ్చుకోండి. మెట్టు లేనప్పుడు స్వరం నుంచి స్వరానికి దూకక్కర్లేదు, జారవచ్చు. పట్టిన స్వరాన్ని వేలి కొసతో కదిలించవచ్చు. గమకం విని పెరిగిన చెవికి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మెట్లు లేని బేస్ గిటార్లు అంతకుముందూ ఉన్నాయి. వాటిలో ఒకదాని చేత ఇంతగా పాడించినవాడు మాత్రం, నా ఉద్దేశంలో, జాకోయే.

మొదటి పాట ‘డోనా లీ’. 1947లో జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ బృందం రికార్డు చేసిన బాణీ ఇది. శాక్సఫోన్, ట్రంపెట్ లాంటి ఊదే వాద్యాల కోసం పుట్టిన పరుగు. జాకో దాన్ని బేస్ మీద ఎత్తుకున్నాడు. తోడుగా పియానో లేదు, శాక్సఫోన్ లేదు. డాన్ అలియాస్ వాయించిన కాంగా డ్రమ్ములు, అంతే. కొత్తగా వచ్చిన విద్వాంసుడు ఒక్క మృదంగం పక్కన పెట్టుకుని కచేరీ మొదలెడితే ఎంత గుండె నిబ్బరం ఉండాలో ఆలోచించండి. మొదటిసారి కాంగాల మీదే చెవి పెట్టి వినండి. రెండోసారి తీగ వెంట వెళ్లండి.

తర్వాతది ‘కమ్ ఆన్, కమ్ ఓవర్’. ఇది అసలైన ఫంక్, అంటే లయ ఊపు మీద నడిచే సంగీతం. సోల్ సంగీతంలో పేరుమోసిన శామ్, డేవ్ జంట పాడారు. వెనకాల ట్రంపెట్ల, శాక్సఫోన్ల గుంపు. ఫంక్‌ను పట్టుకోవడానికి మనకు సులువైన దారి ఒకటుంది. చేత్తో తాళం వేస్తూ ఒక్కో దెబ్బకు ‘తకధిమి’ అనుకోండి. జాకో వేళ్లు ఆ నాలుగు అక్షరాల నడకలోనే సాగుతాయి. కాకపోతే అన్నీ పైకి పలకవు. కొన్నిటిని ఎడమచేత్తో తీగను నొక్కీ నొక్కకుండా పట్టి ‘టక్’మనిపిస్తాడు, కొన్నిటిని మింగేస్తాడు. పాట నడకలో ఆ ఊపు వచ్చేది ఆ మింగిన అక్షరాల వల్లే. కుర్రతనంలో ఆయన డ్రమ్ములు వాయించేవాడు. ఫుట్‌బాల్ ఆడుతూ మణికట్టు దెబ్బతిని బేస్‌కు మారాడు. వాద్యం మారినా లోపలి డ్రమ్ము ఆగలేదు.

‘ఓపస్ పోకస్’లో ట్రినిడాడ్‌లో పుట్టిన ఉక్కు డ్రమ్ములు వినిపిస్తాయి. చమురు పీపాల అడుగు రేకును సుత్తితో స్వరాలకు మలిచిన వాద్యం అది. వేన్ షార్టర్ సోప్రానో శాక్సఫోన్ కూడా ఉంది. విని ఆనందించండి, వివరాలు అక్కర్లేదు.

నేను ఆగి చెప్పదలుచుకున్నది ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ’ గురించి. ట్రేసీ ఆయన భార్య. రెండున్నర నిమిషాలు కూడా లేని ఈ పాటలో ఒక్క బేస్ గిటార్ తప్ప మరేమీ లేదు. మొదటిసారి విన్నవాళ్లు అది బేస్ అని నమ్మరు. చిన్న చిన్న గంటలు మోగుతున్నట్టుంటుంది.

కిటుకు ఇదీ. తీగను నొక్కకుండా, సరిగ్గా సగం దగ్గర వేలు ఆనించి మీటితే పై షడ్జం పలుకుతుంది. మూడో వంతు దగ్గర ఆనిస్తే దానిపైన పంచమం. ఐదో వంతు దగ్గరైతే ఇంకా పైన అంతర గాంధారం. ఇవన్నీ ఆ లావు తీగలో ముందునుంచీ దాగి ఉన్న స్వరాలే. వేలు పక్కవాటిని అణచి ఒక్కదాన్ని బయటికి రానిస్తుంది. తంబూరా బాగా శ్రుతి కలిసినప్పుడు, ఎవరూ మీటని గాంధారం దానంతటదే వినిపించడం మీలో చాలామందికి అనుభవమే. స్వయంభువు అంటాం. తంబూరాలో అది పొగలా పైకి లేచి పోతుంది. జాకో అలాంటి స్వరాలను ఒక్కొక్కటే ఏరి బాణీ కట్టాడు. కింద మామూలుగా మీటిన మంద్రస్వరం మోగుతుండగా, పైన ఈ గంటలు. రెంటినీ ఒక్క మనిషే, రెండు చేతులతో, ఒకేసారి.

1987లో ఫ్లోరిడాలో ఒక క్లబ్బు బయట తగిలిన దెబ్బల వల్ల ఆయన చనిపోయాడు. 35 ఏళ్లు. తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఫోన్ స్పీకరులో వింటే మంద్రస్వరాలు సగం పోతాయి, హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. రాత్రి ఇల్లు సద్దుమణిగాక ముందు ఐదు నిమిషాలు తంబూరా వినండి. ఆ గాంధారం చెవికి దొరికాక, వెంటనే ట్రేసీ పాట పెట్టండి.