డెల్ఫ్టు నగరములో తొలిదినము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను హాలండు దేశమును గూర్చి ప్రసంగింపుమని కోరినారు. ఒక దేశమును గూర్చి చెప్పుటకు పెద్ద పుస్తకములు కలవు. నేను ఒక్క నగరమును గూర్చి, అందులోను అక్కడ గడపిన మొదటి దినమును గూర్చి మాత్రమే మనవి చేయదలచినాను. ఆ నగరము డెల్ఫ్టు. ఆ దినము 2018 అక్టోబరులో ఒక గురువారము.

ఈ విషయమునే ఎన్నుకొనుటకు కారణము కలదు. ఈ సభలో బదిలీ యెరుగని కుటుంబము లేదు. ఉత్తరువు ఒకరి పేర వచ్చును. పెట్టెలు సర్దుకొనువారు మాత్రము ఇంటిల్లిపాదియును. ఉత్తరువు పొందినవారికి క్రొత్త ఊరిలో మొదటినాడే ఒక కుర్చీ, ఒక బల్ల, పలుకరించుటకు నలుగురు తోటివారు సిద్ధముగా నుందురు. వెంట వెళ్ళినవారికి అవేవియు నుండవు. వారికొరకు ఎదురుచూచుచుండునది ఆ ఊరు ఒక్కటే.

మావారు నీటిపారుదల ఇంజనీరు. డెల్ఫ్టులో నీటి విద్యకై నెలకొల్పిన అంతర్జాతీయ సంస్థ యొకటి కలదు. 1957లో ఆరంభమైన ఆ సంస్థకు ఆసియా, ఆఫ్రికా దేశముల ఇంజనీర్లు చదువుకొనుటకు వత్తురు. అక్కడ చదువుటకు మావారు ఎంపికైనారు. నేను పదునాలుగేండ్ల ఉద్యోగమునకు జీతములేని సెలవు పెట్టి వెంట వెళ్ళినాను. మన కచేరీ కాగితములలో 'ఆశ్రితులు' అను మాట యొకటి కలదు. ఇతరుల దరఖాస్తులపై ఆ మాటను నేను వందల మారులు చదివియుంటిని. అది నా పేరు ప్రక్కన చేరినప్పుడు గాని దాని బరువు నాకు తెలియలేదు.

ఆ గురువారము ఉదయము మావారు తరగతికి వెళ్ళినారు. తొమ్మిది గంటలకు నేను తలుపు తాళము వేసి బయలుదేరినాను. నగర పటము నా మనస్సులోనే యున్నది. డెల్ఫ్టులో రైలుమార్గమును 2015లో భూగర్భ సొరంగములోనికి మార్చి క్రొత్త స్టేషను కట్టినారు. దాని పైకప్పు నిండ 1877 నాటి పటమును నీలివర్ణమున చిత్రించినారు. ముందటిరోజు సామానుతో దిగినప్పుడు తలయెత్తి ఆ పటమును చూచియుంటిని. పాతనగరము పొడవుగా నుండును. దాని నిడివి వెంబడి కాలువలు సాగును. డెల్ఫ్టు అను పేరే 'త్రవ్వుట' అను అర్థముగల డచ్చి మాటనుండి పుట్టినది. మన వైపు చెరువు పేర, కోనేటి పేర ఊళ్ళు వెలసినట్లే అక్కడ త్రవ్విన కాలువ పేర ఊరు వెలసినది.

నేను కోనసీమలో పుట్టినదానను. కాలువగట్టున నడచుట నాకు క్రొత్తగాదు. అయినను ఆ ఊరిలో 'పాత డెల్ఫ్టు' అను పేరుగల కాలువగట్టును పట్టుకొని నడచినప్పుడు ఒక వింత తోచినది. మా ఊళ్ళలో ఇండ్లు కాలువకు వీపు పెట్టియుండును; అక్కడ ప్రతి ఇల్లును కాలువకు ముఖము పెట్టియుండును. గట్టునకు కటకటాలు లేవు. సైకిళ్ళు నీటి అంచున వరుసగా నిలిపియున్నవి. స్త్రీలు ముందువైపు పెట్టెలో పిల్లలను కూర్చుండబెట్టుకొని సైకిళ్ళపై పోవుచుండిరి.

కొంతదూరము పోగా ఒక పాత భవనము కనిపించినది. అది డచ్చి తూర్పు ఇండియా కంపెనీవారి డెల్ఫ్టు శాఖ. 1602లో ఏర్పడిన ఆ కంపెనీకి ఆరు శాఖలుండెను. డెల్ఫ్టు వానిలో ఒకటి. ఈ కంపెనీ కథ మన తీరమునకు చేరుటకు ఎక్కువ కాలము పట్టలేదు. 1605లో మచిలీపట్టణమునకు వచ్చిన ఆ కంపెనీ ఓడ పేరు కూడ డెల్ఫ్టే. మరుసటి యేడు గోలకొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబ్‌షా వారికి వర్తకము చేసికొనుటకు ఫర్మానా యిచ్చినాడు. మన సాలెవారు నేసిన బట్టలు, మన అద్దకమువారు రంగులద్దిన కలంకారీలు ఆ ఓడలలో జావా మున్నగు దీవులకును, హాలండునకును పోయినవి. ఆ తీరమునుండి మనుష్యులను బానిసలుగా కొని తరలించిరన్న మాటయు చరిత్రలో కలదు, దానిని దాచరాదు. భీమునిపట్టణములో డచ్చివారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. అక్కడ వారి సమాధులను చూచినదానను, ఇక్కడ వారి కచేరీ గడప యెదుట నిలిచినాను. నాకంటె నాలుగువందల యేండ్లు ముందుగా మా తీరపు నేత ఈ ఊరి దారి యెరుగును గదా అని తలంచినప్పుడు పరాయితనము కొంత తగ్గినది.

అదే గట్టున మరికొంత ముందుకు పోయిన, రాతి ముఖముపై రంగురంగుల వంశచిహ్నములు చెక్కిన భవనము కలదు. అది డెల్ఫ్‌లండు నీటిమండలి యిల్లు. ఆ మండలి 1289 నాటికే యున్నది. రాజులు మారిరి, స్పెయిను పాలన పోయినది, గణతంత్రము వచ్చినది, నెపోలియను వచ్చి పోయినాడు. నీటిమండలి మాత్రము నిలిచినది. ఆ దేశములో నాలుగవవంతు భూమి సముద్రమట్టమునకు దిగువన నున్నది. కట్టలు తెగకుండ కాచుట, మురుగు నీటిని పైకి తోడుట, కాలువల మట్టమును నిలుపుట ఒక్కరి వలన కాని పని. అందుచేత అక్కడి భూస్వాములు, రైతులు తొలికాలముననే కూడి మండలులు ఏర్పరచుకొని, ఎవరి భాగపు కట్టను వారు కాపాడవలెనని నియమము పెట్టుకొనిరి. వేలసంఖ్యలో నుండిన ఆ మండలులు కలియుచు కలియుచు నేటికి 21 మిగిలినవి. నేటికిని ప్రజలు నాలుగేండ్లకొకమారు వానికి ఓటు వేయుదురు, వేరుగా పన్ను చెల్లింతురు.

ఆ భవనము ముందు నేను చాలసేపు నిలిచితిని. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను తుపాను ముంచినప్పుడు నేను బడిలో చదువుకొను పిల్లను. తెల్లవారునప్పటికి మా తోటలో కొబ్బరిచెట్లన్నియు ఒకే దిక్కునకు పడియుండెను. ఆ తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. హాలండువారికిని అట్టి రాత్రి యొకటి కలదు. 1953 జనవరి 31న ఉత్తర సముద్రము పొంగి కట్టలు తెగి 1,836 మంది మృతిచెందినారు. ఆ పిమ్మట వారు దశాబ్దములపాటు శ్రమించి నదీముఖములను ఆనకట్టలతో, తలుపులతో కాపాడుకొనిరి. 1997లో రోటర్‌డాము దాపున నెలకొల్పిన రెండు మహాద్వారములు ఆ పనిలో భాగములే. దుఃఖము రెండు తీరములకును ఒక్కటే. ఆ దుఃఖమును జ్ఞప్తియందుంచుకొని, తరువాతి తరమునకు పనిగా అప్పగించుటలోనే ఒక జాతి పట్టుదల తెలియును.

ఎదుటి గట్టున పాత చర్చి కలదు. దాని గోపురము దాదాపు 75 మీటర్ల యెత్తు. శిఖరము సుమారు రెండు మీటర్లు ప్రక్కకు ఒరిగియున్నది. కాలువను జరిపి, పూడ్చిన మెత్తని నేలపై పునాది వేయుటయే దానికి కారణము. ఆ చర్చిలో ఇద్దరి సమాధులు చూచినాను. ఒకరు చిత్రకారుడు వెర్మేరు. రెండవవారు లేవెన్‌హుకు. ఇద్దరును 1632లో ఆ ఊరిలోనే పుట్టినవారు. వెర్మేరు నలుబదిమూడేండ్లకే అప్పులతో మరణించినాడు. అతని చిత్రములలో ఒకటైనను నేడు ఆ ఊరిలో లేదు. లేవెన్‌హుకు బట్టల వర్తకుడు. నూలుపోగులను పరీక్షించుటకు వర్తకులు వాడు అద్దములవంటి వానిని తానే నూరి, మరింత శక్తిగల అద్దములు చేసి, చెరువు నీటిలో కంటికి కనరాని జీవులను చూచినాడు. అతనికి విశ్వవిద్యాలయ విద్య లేదు, లాటిను రాదు. అయినను 1680లో లండను రాయల్ సొసైటీ అతనిని సభ్యునిగా ఎన్నుకొన్నది. పట్టములేనివాడు కేవలము శ్రద్ధగా చూచి లోకమునకు క్రొత్త లోకమును చూపినాడు. ఆనాడు చేతిలో ఉద్యోగము లేక నిలిచిన నాకు ఆ సమాధి మంచి ధైర్యము చెప్పినది.

అక్కడినుండి అంగడి చౌకునకు వచ్చినాను. గురువారము ఆ ఊరికి సంత దినము. ఒక కాలువ ప్రక్కన పూల సంత. చౌకులో జున్నుగడ్డలు, పండ్లు, బట్టలు. పచ్చి ఉల్లిముక్కలతో చేపను తోకపట్టి యెత్తి తినువారిని చూచి నాకు నవ్వు వచ్చినది; మన వంకాయ కారమును చూచిన వారికిని అట్లే వచ్చును. చౌకునకు ఒకవైపు పురభవనము, ఎదురుగ కొత్త చర్చి. ఆ చర్చి గోపురము దాదాపు 109 మీటర్లు. 1584లో ఆ ఊరిలోనే హత్యచేయబడిన విలియం ఆఫ్ ఆరెంజ్ సమాధి అందులో కలదు. గోపురపు గంటలు పావుగంటకొకమారు మ్రోగుచుండగా సంత బేరములు సాగుచుండెను.

వంటకు చింతపండు కావలసి, ఒకరిని అడుగగా 'టోకో'కు పొమ్మనిరి. ఇండోనేసియా దినుసులమ్ము దుకాణమునకు అక్కడ ఆ పేరు. లోపల గల్లాపెట్టె వద్ద మన పోలికలుగల పెద్దామె కూర్చున్నది. నేను ఇంగ్లీషులో అడుగగా ఆమె హిందీకి దగ్గరగా నుండు భాషలో బదులు చెప్పినది. ఆమె ముత్తాత గంగామైదానమునుండి దక్షిణ అమెరికాలోని సూరినాముకు చెరకుతోటల కూలిగా పోయినవాడట. 1873 మొదలు 1916 వరకు అట్లు దాదాపు 34,000 మంది ఓడలెక్కిరి. 1975లో సూరినాము స్వతంత్రమైనప్పుడు ఆమె తల్లిదండ్రులు హాలండు చేరిరి.

"నీవేమి పనిమీద వచ్చినావు?" అని యడిగినది.

"మావారు చదువుకొనుటకు వచ్చినారు. నేను వెంట వచ్చినాను."

"మా అమ్మయు అట్లే 'వెంట వచ్చినాను' అనెడిది. ఈ దుకాణము పెట్టినది మాత్రము ఆమెయే," అని చింతపండు పొట్లము నా చేతిలో పెట్టినది.

సాయంత్రము మావారు వచ్చి, "ప్రొద్దుపోయినదా?" అని యడుగలేదు, "ఏమేమి చూచినావు?" అని యడిగినారు. చారు కాగుచుండగా నీటిమండలి సంగతి చెప్పినాను. ఆయనకది క్రొత్త సంగతి కాదు గాని, ఆ యిల్లు తాము తరగతికి పోవు దారికి అంత దగ్గరనున్నదని తెలియదు. ఆంధ్రదేశములో 1997 చట్టముతో రైతులు ఎన్నుకొను నీటి సంఘములు ఏర్పడినవి. వాటిని ఏడువందల యేండ్ల మండలితో పోల్చి ఆ రాత్రి మేమిద్దరము చాలసేపు వాదించుకొన్నాము. మరుసటి ఆదివారము ఆ యింటిని ఆయనకు చూపించినది నేనే.

సోదరీ సోదరులారా, మీలో కొందరు రేపు షిల్లాంగు వెళ్ళవచ్చును, పోర్టుబ్లెయిరు వెళ్ళవచ్చును, విదేశమునకే వెళ్ళవచ్చును. వెంట వెళ్ళువారికి నా మనవి యొక్కటే. మొదటినాడే కాలినడకను ఊరు తిరుగుడు. ఆ ఊరికి నీరు ఎక్కడినుండి వచ్చుచున్నదో, దానిని ఎవరు కాచుచున్నారో అడుగుడు. మీకంటె ముందు మీ వైపునుండి అక్కడికి ఎవరు వచ్చిరో వెదకుడు. అప్పుడు ఆ ఊరు ఉత్తరువు పొందినవారిది మాత్రమే గాక మీదియు నగును. ఉత్తరువు పొందినవారికి కూడ ఒక మనవి. సాయంత్రము ఇల్లు చేరినప్పుడు కచేరీ సంగతులు చెప్పుటకు ముందు, ఏమి చూచినారని మీ వారిని అడుగుడు. ఆశ్రితులు అను మాట నిబంధనల గ్రంథములో నుండనిండు. దానిని ఇంటిలోనికి రానీయకుడు.