కనిపించని మెట్లు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మునిసిపల్ ఆఫీసు అనగానే మనలో కాస్త పెద్దవాళ్ళకి గుర్తొచ్చేవి ఎత్తైన మెట్లు, బల్లల మీద ఫైళ్ళ గుట్టలు, "సాయంత్రం రండమ్మా" అనే గుమాస్తా. ఇంటిపన్ను కట్టాలన్నా, కుళాయి కనెక్షన్ కావాలన్నా, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్టు తెచ్చుకోవాలన్నా ఆ మెట్లు ఎక్కవలసిందే. కాలు సరిగా లేనివారు, చూపు లేనివారు ఎవరి భుజమో ఆసరా చేసుకుని వెళ్ళేవారు. తర్వాత్తర్వాత వారి ఇబ్బంది గుర్తించి చాలా ఆఫీసుల్లో మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కేందుకు వాలుబాట, అదేనండీ ర్యాంపు, కట్టారు. కట్టనిచోట కట్టమని అడుగుతూనే వున్నాం.

అయితే ఈలోగా ఆఫీసు వాకిలే మారిపోయింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో మీసేవ మొదలైన దగ్గరనుంచీ ప్రభుత్వం పనులు ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కాయి. ఇప్పుడు పన్ను బిల్లు చూసుకోవడం, కట్టడం, అర్జీ పెట్టుకోవడం, వీధిదీపం వెలగడం లేదని ఫిర్యాదు చెయ్యడం చాలామటుకు వెబ్‌సైట్ ద్వారానే జరుగుతున్నాయి. పొయ్యి మీద పప్పు ఉడికేలోపల ఇంట్లోంచే పన్ను కట్టెయ్యవచ్చు. నడవలేని మనిషికి ఇంతకంటే వరం ఏముంటుంది అనిపిస్తుంది. నిజమే. కాని ఈ కొత్త వాకిలికి కూడా మెట్లున్నాయండీ. సిమెంటు మెట్లయితే అందరి కంటా పడతాయి. ఇవి పడవు. కాలికి తగిలినవారికి తప్ప ఇతరులకు తెలియవు. ఈ రోజు వాటి గురించే నాలుగు మాటలు చెబుతాను.

"చూపు లేనివారు కంప్యూటర్ ఎలా వాడతారండీ?" అని మీరడగవచ్చు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌లు వున్నాయి. స్క్రీన్ రీడర్లంటారు వాటిని. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు యువకులు మొదలుపెట్టారు. దాన్ని ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. అది తెలుగు కూడా చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే ఇలాంటి సదుపాయం వుంది. చూపు లేనివారు మౌస్ పట్టరు. కీబోర్డు మీద ఒక మీట నొక్కితే శీర్షిక నుంచి శీర్షికకి, ఇంకో మీట నొక్కితే లింకు నుంచి లింకుకి వెళ్తూ, చెవితో పేజీని చదువుకుంటారు. అలవాటున్నవారు వినే వేగం చూస్తే మనం నోరు తెరుచుకుని వుండిపోతాం.

కాని యంత్రం చదవాలంటే అక్కడ అక్షరం వుండాలి కదా! చిక్కంతా అక్కడే.

మునిసిపాలిటీవారు ఒక నోటీసు పెడతారనుకోండి. ఫలానా తేదీలోగా పన్ను కడితే వడ్డీ మాఫీ అని. దాన్ని కాగితం మీద అచ్చువేసి, సంతకం చేసి, ముద్రకొట్టి, ఆ కాగితాన్ని స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెడతారు. మన కంటికి అది చక్కటి నోటీసే. యంత్రానికి మాత్రం అది ఫోటో. ఫోటోలో అక్షరాలుండవు. అందుకని స్క్రీన్ రీడర్ ఏమీ చదవక ఊరుకుంటుంది. గడువు దాటిపోతుంది. నోటీసు వచ్చిన సంగతే ఆ మనిషికి తెలియదు.

తెలుగుకి ఇంకో చిక్కు వుంది. అచ్చుపనికి వాడే పాత పద్ధతి ఫాంట్లతో టైపు చేసిన తెలుగు పైకి తెలుగులాగే కనిపిస్తుంది గాని, లోపల ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వుంటాయి. యంత్రం దాన్ని అర్థంపర్థం లేని గోలగా చదువుతుంది. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఒకేలా అర్థం చేసుకునే యూనికోడ్ పద్ధతిలో తెలుగు లిపికి 1991లోనే చోటు దొరికింది. అందులో టైపు చేస్తే ఈ బాధ లేదు. దానితోపాటు "ఇది తెలుగు పేజీ" అని యంత్రానికి తెలిసేలా పేజీ లోపల ఒక చిన్న గుర్తు కూడా రాయాలి. లేకపోతే ఇంగ్లీషు గొంతు తెలుగు చదవబోయి తడబడుతుంది.

మిగతావి కూడా చూడండి. పేజీలో పది చోట్ల "ఇక్కడ నొక్కండి" అని రాస్తారు. చూసేవారికి పక్కనున్న మాటలు కనిపిస్తాయి. లింకులు మాత్రమే వరసగా వినేవారికి "ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి" అని పదిసార్లు వినిపిస్తుంది. ఎక్కడ నొక్కితే ఏమవుతుందో దేవుడికే తెలియాలి. "ఇంటిపన్ను రసీదు" అని లింకు మీదే రాస్తే సరిపోయేది. దరఖాస్తులో గడుల పక్కన పేర్లుంటాయి గాని, ఏ పేరు ఏ గడిదో యంత్రానికి చెప్పి వుండరు. దానికి "గడి, గడి, గడి" అనడమే వస్తుంది. తప్పు రాసిన గడి చుట్టూ ఎర్రగీత గీసి ఊరుకుంటారు. రంగులు గుర్తించలేనివారి సంగతేమిటి? చివరకి వంకరటింకర అక్షరాలు చూపించి, మీరు మనిషేనని రుజువు చెయ్యమంటారు. వినిపించే ఏర్పాటు పక్కన లేకపోతే, చూపు లేని మనిషి తాను మనిషినని రుజువు చేసుకోలేక అక్కడే ఆగిపోతుంది.

ఇది చూపుకి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. చేతులు వణికేవారు బఠాణీగింజంత బటన్ల మీద వేలు సరిగా పెట్టలేరు. నెమ్మదిగా టైపు చేసేవారు పేజీ సగం నింపేసరికి "సమయం మించిపోయింది" అంటూ అంతా చెరిగిపోతుంది. వినపడనివారికి కమిషనర్‌గారు మాట్లాడే వీడియో కింద మాటలు రాయకపోతే అది మూగబొమ్మే. సందేహాలుంటే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని మాత్రమే రాస్తే వారు ఏం చెయ్యాలి? తెర మీద ఆగకుండా పరుగెత్తే వార్తల వరసలు చదవడం కష్టమైనవారికి తల తిప్పుతాయి. సెకనుకి మూడుసార్లకు మించి మెరిసే బొమ్మలు కొందరికి మూర్ఛ తెప్పించగలవు కూడా.

"అంత బాధెందుకు, ఇంట్లో ఎవరో ఒకరు చేసిపెడతారుగా?" అనేవారున్నారు. ఈ మాట దగ్గరే మనం ఆగి ఆలోచించాలి. చేసిపెట్టేవారికి ఏమేమి చెప్పాలో చూడండి. ఆధార్ నంబరు చెప్పాలి. ఫోన్ చేతికివ్వాలి. బ్యాంకునుంచి వచ్చే ఓటీపీ చెప్పాలి. పాస్‌వర్డ్ చెప్పాలి. ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పే సంగతులన్నీ చెప్పాలి. చూపు లేని ఒక వితంతువు తన పేర వున్న ఇంటికి పన్ను కడుతోందనుకోండి. ఆ ఇంటి మీద కన్నువేసిన బంధువునే ఆ పని చేసిపెట్టమని అడగవలసి వస్తే? పక్కింటివారి అక్రమ కట్టడం మీద ఫిర్యాదు చెయ్యడానికి ఆ పక్కింటి అబ్బాయి సాయమే కావలసి వస్తే? ఆడవాళ్ళం, మనకి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మన పని మన చేత్తో చేసుకోగలగడం, మన లెక్క మన దగ్గరే వుండడం ఎంత బలమో మనకి తెలుసు. సాయం అడగడం నామోషీ కాదు. అడిగితే తప్ప గడవని పరిస్థితి కల్పించడమే అన్యాయం.

ఇలాంటివారు ఎందరుంటారు అంటారా? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే సుమారు 22 లక్షల 66 వేలమంది. శుక్లాలు వచ్చిన అమ్మమ్మలు, కీళ్ళనొప్పులతో వేళ్ళు వంగని అత్తగార్లు చాలామంది ఈ లెక్కలోకి రానే రారు.

చట్టం ఏమంటోంది? 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. భవనాలూ బస్సులతో పాటు, సమాచారమూ, కంప్యూటర్ సేవలూ కూడా అందరికీ అందాలని ఆ చట్టం చెబుతోంది. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా వుండాలో చెప్పే మార్గదర్శకాలు 2009 నుంచీ వున్నాయి. 2023లో వాటి మూడో రూపం వచ్చింది. రాజీవ్ రతూరీ అనే చూపు లేని పౌరుడు 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. నియమాలు సలహా చెబుతున్నట్టు వుంటే చాలదనీ, తప్పనిసరిగా పాటించవలసిన కనీస ప్రమాణాలు విడిగా రూపొందించాలనీ కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకి ముందు దేశంలో పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చింది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమే. 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన ఇంకో తీర్పులో, కంప్యూటర్ సేవలు అందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని అదే కోర్టు చెప్పింది. కనుక మనం అడిగేది దయ కాదు.

మరి ఖర్చో? కట్టేటప్పుడే గుమ్మం వెడల్పుగా పెట్టించుకుంటే పెద్ద ఖర్చు వుండదు. కట్టాక గోడ పగలగొడితేనే ఖర్చు. వెబ్‌సైట్ కూడా అంతే. టెండరు పిలిచేటప్పుడే ఈ ప్రమాణాలు రాయాలి. బిల్లు చెల్లించేముందు చూపు లేనివారిని, వినపడనివారిని, చేతులు సరిగా లేనివారిని కూర్చోబెట్టి, తగిన ప్రతిఫలం ఇచ్చి, వారిచేత పన్ను కట్టించి చూడాలి. పేజీ మూలన చక్రాల కుర్చీ బొమ్మ ఒకటి, అక్షరాలు పెద్దవి చేసే మీట ఒకటి అంటించి, అయిపోయిందనుకుంటే లాభం లేదు. స్కాన్ చేసిన నోటీసులో ఆ మీట అక్షరాలు పుట్టించలేదు.

ఇంకో మాట. ఇది ఒక్కసారి చేసి వదిలేసే పని కాదు. ఇవాళ ఊడ్చిన ఇల్లు రేపటికి మళ్ళీ దుమ్ము పట్టదూ? అలాగే ఎంత బాగా కట్టిన వెబ్‌సైట్ అయినా, రేపు ఒక గుమాస్తా స్కాన్ కాగితం పెడితే మళ్ళీ మెట్టు లేచినట్టే. అందుకని రోజూ నోటీసులు పెట్టే సిబ్బందికే ఈ అలవాటు నేర్పాలి. సంతకం కాగితంతోపాటు టైపు చేసిన అసలు పాఠం కూడా పెట్టాలి. ఆఫీసులో కౌంటరు మాత్రం మూసెయ్యకూడదు. ఫోనే లేనివారు ఇంకా వున్నారు.

మనం చెయ్యగలిగింది ఏమిటంటారా? ఈ సాయంత్రం మీ వూరి మునిసిపాలిటీ వెబ్‌సైట్ తెరవండి. మౌస్ పక్కన పెట్టి, కీబోర్డు మీది ట్యాబ్ మీట నొక్కుకుంటూ పన్ను కట్టే పేజీదాకా వెళ్ళగలరేమో చూడండి. అక్షరాలు రెట్టింపు పెద్దవి చేసి, మాటలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయేమో చూడండి. వీడియోకి శబ్దం ఆపి, ఏం చెబుతున్నారో తెలుస్తుందేమో చూడండి. ఒక నోటీసు తెరిచి అందులో ఒక మాటను వేలితో ఎంచుకోబోండి. మాట విడిగా చిక్కకపోతే అది బహుశా ఫోటోయే. పావుగంట పని. ఎక్కడ ఆగిపోయారో ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, కమిషనర్‌గారికి ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే ఆ చట్టం కిందే రాష్ట్రంలో వికలాంగుల కమిషనర్ వుంటారు. వారికి రాయండి.

మన రెండు రాష్ట్రాల్లోనూ పురపాలక సంఘాల్లో సగం స్థానాలు స్త్రీలకు కేటాయించినవే. మీ వార్డు సభ్యురాలు మీకు ఎదురైనప్పుడు కాలువ గురించి, కుళాయి గురించి అడుగుతారు కదా, దీని గురించి కూడా అడగండి. అడిగేముందు మీ వీధిలోనే వున్న వికలాంగ సోదరిని ఒక మాట పలకరించి, ఆమెకి ఎక్కడ అడ్డు తగులుతోందో తెలుసుకుని మరీ వెళ్ళండి. వీలైతే ఆమెనే వెంటబెట్టుకు వెళ్ళండి. ఆమె చెబుతుంది, మీరు పక్కన నిలబడండి.

సెలవు.