మాస్కో పుస్తకం ఆగిపోయాక



రాయచూరులో తెలుగు సభ జరగడం వింతేమీ కాదు. 1956 నవంబరు 1 దాకా ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోదే. ఆ తర్వాత తుంగభద్ర ఎడమ కాలువ నీటిని నమ్ముకుని కోస్తా రైతులు వచ్చారు; సింధనూరు చుట్టూ క్యాంపులు వెలిశాయి. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజారులో రెండూ మాట్లాడతారు.

యూరపులో కమ్యూనిజం కూలిన తర్వాతి ప్రపంచం గురించి మాట్లాడమన్నారు. 1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. 1991 డిసెంబరు 25న గోర్బచేవ్ గద్దె దిగారు. సోవియట్ యూనియన్ పదిహేను దేశాలైంది. క్యూబా తన చక్కెర కొనే నాథుణ్ణి పోగొట్టుకుంది. ఇక్కడ గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు రైతుకూ ఆ దెబ్బ తగిలింది. రూపాయల లెక్కన కొనే పెద్ద ఖాతా పోయింది. అదే ఏడాది జూలైలో మన తెలుగువాడు పి.వి. నరసింహారావు ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించి, ఆర్థిక వ్యవస్థ తలుపులు తెరిచింది. ఈ సంగతులు తర్వాతి వక్తలు వివరిస్తారు. నేను పుస్తకం సంగతి చెబుతాను.

మాస్కోలోని ప్రగతి, రాదుగ, మీర్ ప్రచురణాలయాలు దశాబ్దాల పాటు తెలుగులో పుస్తకాలు అచ్చువేశాయి. విశాలాంధ్ర పుస్తక దుకాణాల్లో అవి దొరికేవి. గట్టి అట్ట, మందపాటి కాగితం, పేజీ నిండా రంగుల బొమ్మలు. కూలి చేసుకునేవాడు కూడా బిడ్డకు కొనిపెట్టగల ధర. పల్లెటూరి కుర్రాడు సైన్సు రచయిత పెరెల్మాన్ చేత భౌతికశాస్త్రం చెప్పించుకున్నాడు. ఐత్‌మాతొవ్ కథల్లోని కిర్గిజ్ పల్లె వాడికి పక్క ఊరైంది. పుస్తకం చివర ఒక చిన్న మనవి ఉండేది: అనువాదం, ముద్రణ ఎలా ఉన్నాయో రాయండి, మా చిరునామా 17, జూబొవ్‌స్కీ బులివార్, మాస్కో. అనువాదం ఎలా ఉందని పాఠకుణ్ణి అడిగే పద్ధతి మన ప్రచురణకర్తల్లో ఎందరికుంది?

అక్కడ కూర్చుని తెలుగు చేసినవారూ సామాన్యులు కారు. రచయిత ఉప్పల లక్ష్మణరావు అక్కడ పనిచేశారు. కడప జిల్లా రా.రా., అంటే రాచమల్లు రామచంద్రారెడ్డి, 1970లలో అక్కడ అనువాదకులుగా ఉన్నారు. ఆయన ‘అనువాద సమస్యలు’ పుస్తకానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ ప్రచురణాలయాలు తెలుగు పుస్తకాలు ఆపేసినా ఆ పుస్తకం నేటికీ అనువాదకుడికి పనికొస్తూనే ఉంది.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చెప్పాలి. ఆ చౌక ధర వెనక ఒక రాజ్యం ఖజానా ఉంది. ఏది చదవాలో కూడా ఆ రాజ్యమే తేల్చింది. గోర్కీని చేతిలో పెట్టింది, సోల్జెనిత్సిన్‌ను దాచింది. ఖజానా ఖాళీ కాగానే పుస్తకమూ ఆగింది. మరి గోర్కీ ‘అమ్మ’ను క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసింది స్వాతంత్ర్యానికి ముందే, మాస్కో జీతం కోసం కాదు, తెలుగువాడు చదవాలన్న తపనతో. ఇదే రాయచూరు గడ్డ మీద కన్నడ కవి శాంతరస ఉర్దూ గజల్‌ను కన్నడానికి తెచ్చారు. ఆయనకూ ఏ విదేశీ ఖజానా అండ లేదు. అవసరం కొద్దీ వచ్చిన అనువాదం నిలుస్తుంది, అరువు డబ్బుతో వచ్చింది అప్పు తీరకముందే పోతుంది. 1991 మన సాహిత్యానికి నేర్పిన పాఠం ఇదే అంటాను.

ఆ పాఠం నేర్చినవారు లేకపోలేదు. సోవియట్ పుస్తకాలు అమ్మిన బెంగళూరు నవకర్ణాటక ఆ తర్వాత సొంత ప్రచురణలతో నిలబడింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అనువాదాలు వదల్లేదు. ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ వారు మాస్కో పిల్లల పుస్తకాలనే మళ్లీ అచ్చువేస్తున్నారు. పాఠకుడు ఉన్నాడు, మన దగ్గర లేనిది పూనిక.

నాడు మాస్కో పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి వచ్చాయి. కన్నడానికీ తెలుగుకూ ఆ చుట్టుదారి దేనికి? రెండూ నోట ఆడే మనుషులు ఈ జిల్లాలో తాలూకా తాలూకాకూ ఉన్నారు. కాబట్టి ఈ సభకు నా విన్నపం ఒక్కటే. ఏడాదికి ఒక్క కన్నడ పుస్తకాన్ని నేరుగా తెలుగులోకి, ఒక్క తెలుగు పుస్తకాన్ని నేరుగా కన్నడంలోకి తెద్దాం. ఖర్చు చందాలతో మనమే భరిద్దాం. చివరి పేజీలో మన చిరునామా వేసి, అనువాదం ఎలా ఉందో రాయమని పాఠకుణ్ణి అడుగుదాం. మొదటి చందా నాదిగా రాసుకోండి.